పార్కిన్సన్స్ మందులు – శరీర కదలికలపై వాటి దుష్ప్రభావాలు

పరిచయం

కిందటి పాఠంలో పార్కిన్సన్స్ వ్యాధి ముఖ్య లక్షణాలను చదివారు. ఆయుర్వేదం దీన్ని కంపవాతం అంటుంది. మన పల్లెల్లో వణుకుడు జబ్బు అంటారు. పనుల్లో నెమ్మది, కండరాల బిగువు, చెయ్యి ఊరికే ఉన్నప్పుడు వచ్చే వణుకు, నడకలో తూలు అనే నాలుగు లక్షణాలను గుర్తుంచుకొని ఈ పాఠంలోకి రండి. ఇవి జబ్బు వల్ల వచ్చేవి. ఇప్పుడు మనం చదవబోయేవి జబ్బుకు వాడే మందుతో ముడిపడినవి. ఈ రెండింటినీ ఒకటిగా భావించడం వల్ల ఇళ్లలో చాలా అనర్థం జరుగుతోంది. బిళ్ల పెంచవలసిన చోట ఆపేస్తున్నారు, తగ్గించవలసిన చోట పెంచుతున్నారు.

ఈ పాఠం చదివే మీలో ఆశా కార్యకర్తలు, మందుల షాపుల్లో పనిచేసేవారు, ఇంట్లో పెద్దలను చూసుకుంటూ చదువుకొనేవారు ఉంటారు. వైద్యుడు రోగిని చూసేది పది నిమిషాలు. మిగిలిన ఇరవై మూడు గంటల యాభై నిమిషాలు చూసేది మీరు. మోతాదు నిర్ణయించడం మీ పని కాదు. ఏ కదలిక ఏ వేళకు వచ్చిందో చెప్పగలగడం మాత్రం మీ పనే. ఉదాహరణలన్నీ మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల జీవితం నుంచే తీసుకున్నాను.

వణుకు వేరు, మెలికలు వేరు

పార్కిన్సన్స్ వణుకుకు ఒక లయ ఉంటుంది. సెకనుకు నాలుగు నుంచి ఆరు సార్లు, ఒకే తీరుగా, బొటనవేలు చూపుడువేలు కలిపి బిళ్లను నలుపుతున్నట్లు ఉంటుంది. చెయ్యి ఒళ్లో పెట్టుకొని కూర్చున్నప్పుడు ఎక్కువ. గ్లాసు అందుకోబోతే తగ్గుతుంది. మందు పనిచేయని వేళల్లో కనిపిస్తుంది.

రెండవ రకం కదలికలకు లయ ఉండదు. మెడ పక్కకు ఒరుగుతుంది, భుజం ఎగురుతుంది, నడుము ఊగుతుంది, కాలు మెలిపడుతుంది. ఒక కదలిక మరో కదలికలోకి జారిపోతుంది. వీటిని వైద్యులు డిస్కైనీషియా అంటారు. పాఠ్యపుస్తకాల్లో ‘అసంకల్పిత చలనాలు’ అని కనిపిస్తుంది. అంటే మనిషి తలచుకోకుండా వచ్చే కదలికలు. ఇంటివాళ్లు వాడే ‘మెలికలు తిరగడం’ అనే మాటే మనం ఈ పాఠంలో వాడుకుందాం. ఇవి ఎక్కువగా మందు బాగా పనిచేస్తున్న వేళ వస్తాయి. ఆ సమయంలో మనిషి లేచి నడవగలడు, మాట్లాడగలడు, చొక్కా గుండీలు పెట్టుకోగలడు. కానీ ఒళ్లు ఊగుతూనే ఉంటుంది. ఎవరైనా పలకరిస్తే, లెక్క అడిగితే, కోపం వస్తే ఊపు పెరుగుతుంది. నిద్రలో ఆగిపోతుంది.

ఈ ఊగడం చూసి రోగికంటే ఇంటివాళ్లే ఎక్కువ కంగారుపడతారు. రోగిని అడిగితే, ‘ఊగితే ఊగానులే, బిగుసుకుపోవడం కంటే నయం’ అనేవారే ఎక్కువ. అందువల్ల ‘మీకు ఇబ్బందిగా ఉందా?’ అనే ప్రశ్న రోగినే అడగాలి, పక్కనున్నవారిని కాదు. బజారులో మరో చిక్కు ఉంది. ఇలా ఊగుతూ నడిచే పెద్దాయనను చూసి తాగి ఉన్నాడనుకుంటారు. ‘మందు ఎక్కింది’ అన్న మాటకు మనకున్న రెండో అర్థం ఇక్కడ నిజంగా హాని చేస్తుంది. ఈ చూపులకు వెరచి ఇంట్లోనే ఉండిపోయినవారు, బయటికి వెళ్లవలసి వస్తే బిళ్ల మానేసేవారు ఉన్నారు.

లెవోడోపా ఎలా వచ్చింది

ఇంగ్లండ్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ 1817లో ఈ జబ్బును వర్ణించాడు. కారణం తెలియడానికి మరో 140 ఏళ్లు పట్టింది. అందుకు మన దేశపు మొక్క ఒకటి తోడ్పడింది. సర్పగంధి వేరు నుంచి తీసిన రిసర్పిన్‌ను అప్పట్లో రక్తపోటుకు వాడేవారు. స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ దాన్ని కుందేళ్లకు ఇచ్చినప్పుడు అవి కదలకుండా పడిపోయాయి. తర్వాత డోపా అనే పదార్థాన్ని సూదిమందుగా ఇస్తే కొద్ది నిమిషాల్లో లేచి తిరిగాయి. ఇది 1957 నాటి మాట. మన ప్రకాశం బ్యారేజీ ప్రారంభమైందీ ఆ ఏడాదే. మెదడులో డోపమిన్ తగ్గితే కదలిక పోతుందని ఆ ప్రయోగం సూచించింది. 1960లో వియన్నాలో హార్నికీవిచ్ బృందం పార్కిన్సన్స్ రోగుల మెదళ్లలో డోపమిన్ లోటు ఉన్నట్లు చూపింది. కార్ల్‌సన్‌కు 2000లో నోబెల్ బహుమతి లభించింది.

డోపమిన్‌నే బిళ్లగా ఇస్తే అది రక్తం నుంచి మెదడులోకి చేరదు. లెవోడోపా చేరుతుంది, అక్కడ డోపమిన్‌గా మారుతుంది. అమెరికాలో జార్జ్ కాట్జియాస్ 1967లో దీన్ని నోటి ద్వారా కొద్దికొద్దిగా పెంచుతూ ఎక్కువ మోతాదుల్లో ఇచ్చి, మంచం పట్టినవారు నడవడం చూపించాడు. 1969లో ఆయన ప్రకటించిన ఫలితాల్లోనే మెలికల ప్రస్తావన కూడా ఉంది. అంటే మేలు, కీడు రెండూ మొదటినుంచీ జంటగానే కనిపించాయి.

లెవోడోపా మెదడుకు చేరకముందే శరీరంలో ఖర్చైపోకుండా కార్బిడోపాను కలుపుతారు. మన ప్రాంతంలో ఈ జంట బిళ్ల చాలామందికి ‘సిండోపా’ పేరుతోనే తెలుసు. దానిమీద ఉండే అంకెల గురించి ఒక మాట. 110 అంటే లెవోడోపా 100, కార్బిడోపా 10 మిల్లీగ్రాములు. 125 అంటే లెవోడోపా 100, కార్బిడోపా 25. 275 అంటే లెవోడోపా 250, కార్బిడోపా 25. కాబట్టి 110కి, 125కి లెవోడోపాలో తేడా లేదు. 275 మాత్రం వాటికి రెండున్నర రెట్లు. షాపులో 125 దొరకలేదని ‘పెద్దది’ తెచ్చి వేయడం చిన్న పొరపాటు కాదు.

చెరువు, కాలువ

మొదటి నాలుగైదేళ్లు రోజుకు మూడు బిళ్లలతో చక్కగా గడిచిన మనిషికి తర్వాత ఎందుకు తేడా వస్తుంది? బిళ్ల మారలేదు. మారింది మెదడు.

దివిసీమలో చాలాచోట్ల భూగర్భజలం ఉప్పన. ఊరి మంచినీటి చెరువును కాలువ వదిలినప్పుడు నింపుకుంటారు. కాలువ కట్టేసిన రోజుల్లో ఆ చెరువే ఊరిని ఆదుకుంటుంది. కాలువలో నీళ్లు ఎప్పుడు వచ్చాయో, ఎప్పుడు ఆగాయో బిందె ముంచుకొనే మనిషికి తెలియనక్కరలేదు. ఇప్పుడు ఆ చెరువు ఏటేటా పూడిపోతోందనుకోండి. కాలువ వదిలితే నీళ్లు గట్టు దాటతాయి, కట్టేస్తే అడుగు కనిపిస్తుంది. ఊరి బతుకు కాలువ గడియారం చేతుల్లోకి పోతుంది.

మెదడులో డోపమిన్ తయారుచేసే నాడీకణాలే ఆ చెరువు. బిళ్ల రూపంలో వచ్చే లెవోడోపాను అవి దాచుకొని, సమంగా విడుదల చేస్తాయి. జబ్బు ముదిరేకొద్దీ ఆ కణాలు తగ్గిపోతాయి. రక్తంలో లెవోడోపా దాదాపు గంటన్నరలో సగానికి పడిపోతుంది. దాచుకొనే చోటు లేనప్పుడు రక్తంలోని ఎగుడుదిగుళ్లే కాళ్లలో, చేతుల్లో కనిపిస్తాయి. అంతేకాదు, డోపమిన్‌ను అందుకొనే అవతలి కణాలు కూడా ఈ వరదకు, ఎద్దడికి లోనై స్వభావం మార్చుకుంటాయి. అందుకే ఒకప్పుడు సరిపోయిన మోతాదే తర్వాత మెలికలు తెప్పిస్తుంది.

ఈ ఉపమానానికి ఒక హద్దు ఉంది. చెరువును పూడిక తీసి బాగుచేయవచ్చు, ఈ కణాలను తిరిగి తేగల మందు ఇంతవరకు లేదు. కాబట్టి చికిత్స అంతా కాలువను సర్దుకోవడంలోనే ఉంది.

ఒక రోగి, ఒక రోజు

గుడివాడ దగ్గర ఒక పల్లెలో 68 ఏళ్ల రైతు ఉన్నాడనుకుందాం. జబ్బు మొదలై ఎనిమిదేళ్లు. ఉదయం ఆరింటికి, పదకొండింటికి, సాయంత్రం నాలుగింటికి, రాత్రి తొమ్మిదింటికి బిళ్ల. ‘నాన్నకు వణుకు పెరిగింది, బిళ్ల పెంచమంటారా?’ అని కొడుకు అడిగాడు. అతని రోజును గంటలవారీగా చూద్దాం.

తెల్లవారుజామున నాలుగున్నరకు ఎడమ పాదం లోపలికి తిరిగి, వేళ్లు ముడుచుకుపోయి, భరించలేని నొప్పి. రాత్రి బిళ్ల దిగిపోయిన వేళ ఇది. దీన్ని డిస్టోనియా అంటారు. పిక్క పట్టేసిందని ఇంట్లో తైలం మర్దన చేస్తున్నారు. ఆరు గంటల బిళ్ల తర్వాత ముప్పావుగంటకు పాదం సడలింది, లేచి పశువుల దగ్గరికి వెళ్లాడు. ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా తల, భుజాలు ఊగాయి. మందు రక్తంలో శిఖరానికి చేరిన వేళ వచ్చే మెలికలు ఇవి. పది గంటలకు నడక నెమ్మదించింది, కుడి చెయ్యి వణకడం మొదలైంది, మాట లోగొంతుకలో పడింది. తర్వాతి బిళ్ల వేళ కాకముందే మందు దిగిపోయింది. వైద్యులు దీన్ని ‘వేరింగ్ ఆఫ్’ అంటారు. పదకొండింటి బిళ్ల ఆ రోజు మరచి, పన్నెండున్నరకు పప్పన్నం, చేపల పులుసు, పెరుగన్నం తిన్న వెంటనే వేశారు. అది రెండు గంటల దాకా పట్టనే లేదు.

ఇంట్లోవాళ్లు ‘వణుకు’ అని ఒకే మాటతో చెప్పింది నిజానికి నాలుగు వేర్వేరు సంగతులు. ఏడున్నరకు వచ్చింది మందు ఎక్కువై, పదింటికి వచ్చింది మందు చాలక. ప్రతి బిళ్లనూ పెద్దది చేస్తే పది గంటల వణుకు కొంత తగ్గవచ్చు గాని, ఏడున్నర ఊపు మనిషిని కుర్చీలోంచి పడేస్తుంది. తగ్గిస్తే ఊపు పోతుంది, మనిషి మంచం దిగడు. ఇలాంటి చోట వైద్యుడు సాధారణంగా చేసేది మొత్తాన్ని పెంచడం, తగ్గించడం కాదు. అదే మందును చిన్న భాగాలుగా చేసి ఎక్కువ సార్లు ఇవ్వడం.

మరో రకం మెలికలు ఉన్నాయి, ఇవి తికమకపెడతాయి. మందు పట్టబోయేటప్పుడు, తిరిగి దిగబోయేటప్పుడు, అంటే రెండు అంచుల్లో వస్తాయి, మధ్యలో మనిషి కులాసాగా ఉంటాడు. ఎక్కువగా కాళ్లలో, తన్నుకుంటున్నట్లు బలంగా ఉంటాయి. శిఖరం మెలికలు అనుకొని బిళ్ల తగ్గిస్తే ఇవి ఇంకా పెరుగుతాయి. వేళ రాసి ఉంటే తప్ప ఈ రెండింటినీ విడదీయడం అనుభవజ్ఞుడైన న్యూరాలజిస్టుకు కూడా కష్టమే.

అందుకే డైరీ. 2000లో అమెరికా వైద్యుడు రాబర్ట్ హౌజర్, ఆయన సహచరులు రూపొందించిన పద్ధతిలో రోజును అరగంటలుగా విభజించి, ప్రతి గడిలో ఐదింటిలో ఒకటి గుర్తించాలి. అవి నిద్ర, మందు దిగి బిగుసుకున్న స్థితి, మందు పట్టి మెలికలు లేని స్థితి, మెలికలు ఉన్నా ఇబ్బంది లేని స్థితి, ఇబ్బందిపెట్టే మెలికలు. ప్రపంచమంతటా మందుల పరీక్షల్లో వాడేది ఇదే. దానికి పాత నోటు పుస్తకం చాలు. చదువురాని ఇంట్లో చుక్క, గీత, ఇంటు గుర్తులు పెట్టించండి. బిళ్ల వేసిన వేళ, భోజనం వేళ విడిగా రాయించండి. ఆసుపత్రికి వెళ్లేముందు మూడు రోజులు రాస్తే సరిపోతుంది. సెల్‌ఫోనులో రెండు చిన్న వీడియోలు, ఒకటి బాగున్నప్పుడు, ఒకటి బాగాలేనప్పుడు తీసి, వేళ చెప్పగలిగితే మరీ మంచిది. ఈ జబ్బులో మెదడు స్కానింగు చెప్పలేని విషయాన్ని ఈ కాగితం చెబుతుంది.

భయపడి బిళ్లను వాయిదా వేయాలా?

‘ఈ బిళ్ల నాలుగైదేళ్లే పనిచేస్తుందట, ఇప్పుడే మొదలుపెడితే తర్వాత గతేమిటి?’ ఈ ప్రశ్న మీకు తప్పక ఎదురవుతుంది. ఒకప్పుడు వైద్యులలో కూడా ఈ అభిప్రాయం ఉండేది. దీనికి జవాబు ఆఫ్రికా నుంచి వచ్చింది.

ఘనాలో చాలామంది రోగులకు బిళ్ల ఆలస్యంగా అందుతుంది. కారణం పేదరికం, దూరం. ఇటలీ పరిశోధకుడు రోబెర్టో చీలియా బృందం అక్కడి 91 మంది రోగులను ఇటలీ రోగులతో పోల్చి 2014లో ఫలితాలు ప్రకటించింది. ఘనావారికి జబ్బు మొదలైన సగటున 4.2 ఏళ్లకు, ఇటలీవారికి 2.4 ఏళ్లకు లెవోడోపా మొదలైంది. ఆలస్యంగా మొదలుపెట్టినవారికి మెలికలు అంత ఆలస్యంగా రావాలి కదా? అలా జరగలేదు. జబ్బు మొదలైన దగ్గరనుంచి లెక్కిస్తే రెండుచోట్లా దాదాపు ఒకే కాలానికి వచ్చాయి. బిళ్ల ఎన్నేళ్లు వాడారన్నది కాక, జబ్బు వయసు, రోజువారీ మోతాదు ముఖ్యమని తేలింది. నెదర్లాండ్స్‌లో 445 మందిపై జరిపి 2019లో ప్రకటించిన మరో పరీక్షలో బిళ్ల 40 వారాలు వాయిదా వేసినందువల్ల ప్రత్యేక లాభమేదీ కనిపించలేదు.

మోతాదు సంగతికి వస్తే, 2004లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో రోజుకు 600 మిల్లీగ్రాముల లెవోడోపా తీసుకున్నవారిలో 40 వారాల్లోనే సుమారు 16 శాతం మందికి మెలికలు కనిపించాయి. తక్కువ మోతాదుల వారిలో 4 శాతం లోపే. నాలుగు నుంచి ఆరేళ్ల చికిత్స తర్వాత మొత్తమ్మీద సుమారు 40 శాతం మందికి ఇవి వస్తాయని అంచనా. చిన్న వయసులో జబ్బు వచ్చినవారికి, బరువు తక్కువ ఉన్నవారికి, స్త్రీలకు ఎక్కువ.

కాబట్టి మెలికలు ఎప్పుడో వస్తాయన్న భయంతో ఈ రోజు నడవగల మనిషిని కూర్చోబెట్టడం, నా దృష్టిలో, అన్యాయం. అవసరమైన అతి తక్కువ మోతాదుతో మొదలుపెట్టి, బతుకు సాగేంత వరకే పెంచుకోవాలన్నది ఈ అధ్యయనాలన్నింటినీ కలిపి చదివితే అర్థమవుతుంది.

వైద్యులు ఏం మారుస్తారు

బిళ్లను చిన్న భాగాలు చేయడం గురించి చెప్పాను. మందు త్వరగా దిగిపోకుండా ఎంటకపోన్, రసాజిలిన్ వంటివి కలుపుతారు. డోపమిన్‌లా పనిచేసే ప్రమిపెక్సోల్, రోపినిరోల్ కూడా ఉన్నాయి. ఇవి వాడేవారిలో కొందరికి పేకాట, పందేలు, అనవసరపు కొనుగోళ్ల యావ పట్టుకుంటుంది. జీవితమంతా పేక ముట్టని మనిషి హఠాత్తుగా ఆడసాగితే అతని గుణం చెడిందనుకోకముందు మందుల చీటీ చూడండి. మెలికలనే నేరుగా తగ్గించగల మందు అమాంటడిన్. ఇది మొదట ఫ్లూ జ్వరానికి వచ్చిన మందు. పెద్దవారిలో కాళ్ల వాపు, లేనివి ఉన్నట్లు కనిపించడం వంటివి కలిగించవచ్చు. వణుకుకు ఇచ్చే ట్రైహెక్సిఫెనిడిల్, అంటే పాసిటేన్, వృద్ధుల జ్ఞాపకశక్తిని దెబ్బతీస్తుంది. ఏళ్ల కిందటి చీటీతో ఇప్పటికీ తెచ్చి వేస్తుంటే వైద్యుడికి చెప్పించాలి.

ఈ రంగంలో తెలుగునేల పాత్ర చెప్పుకోదగినది. సఫినమైడ్ అనే మందు మీద జరిగిన ముఖ్య పరీక్షల ఫలితాలను హైదరాబాదు నిమ్స్ న్యూరాలజిస్టు రూపమ్ బొర్గొహైన్, ఆయన సహచరులు 2014లో ప్రకటించారు. లెవోడోపా వాడుతూ మందు దిగిపోయే ఇబ్బంది ఉన్న 669 మందిపై 24 వారాలు జరిగిన మొదటి పరీక్షలో, ఇబ్బందిపెట్టే మెలికలు లేకుండా మందు పట్టి ఉండే సమయం ఉత్తుత్తి బిళ్ల వర్గంతో పోలిస్తే రోజుకు సుమారు అరగంట ఎక్కువ దొరికింది. అరగంటేనా అనకండి. ఆ అరగంటలో మనిషి స్నానం చేసి, బట్టలు కట్టుకొని, తన చేత్తో తాను తినగలడు. రెండేళ్లు కొనసాగించిన రెండో పరీక్షలో మెలికలు తగ్గుతాయా అన్నదే ప్రధాన ప్రశ్న. మొత్తం రోగులలో స్పష్టమైన తేడా తేలలేదు. మొదటే మెలికలు ఎక్కువగా ఉన్న వర్గాన్ని విడిగా చూసినప్పుడు మాత్రం కొంత తగ్గుదల కనిపించింది. ఇలాంటి ఫలితాన్ని ‘మందు మెలికలు తగ్గిస్తుంది’ అని ఒక్క ముక్కలో చెప్పరాదు. ఈ మందు 2015లో ఐరోపాలో, 2017లో అమెరికాలో ఆమోదం పొందింది.

మందుల సర్దుబాటుతో లొంగని కొందరికి మెదడు లోపల సన్నని తీగలు అమర్చి విద్యుత్ ప్రేరణ ఇచ్చే శస్త్రచికిత్స, డి.బి.ఎస్., నిమ్స్ వంటి చోట్ల చేస్తున్నారు. దాని తర్వాత లెవోడోపా తగ్గించగలుగుతారు కనుక మెలికలు తగ్గుతాయి. లెవోడోపాకు బాగా స్పందించేవారికి, మతిమరుపు జబ్బు లేనివారికి మాత్రమే తగినది. జబ్బును నయం చేయదు.

భోజనం, దూలగొండి

లెవోడోపా ఒక అమైనో ఆమ్లం. పేగులో, మెదడు ద్వారం దగ్గర అది మాంసకృత్తుల నుంచి వచ్చే ఇతర అమైనో ఆమ్లాలతో పోటీపడి లోపలికి పోవాలి. మన రైతు మధ్యాహ్నపు బిళ్ల పట్టకపోవడానికి అదే కారణం. భోజనానికి కనీసం అరగంట ముందు, లేదా గంట తర్వాత నీళ్లతో వేయాలి. పెసరట్టు, చేప, రొయ్య, గుడ్డు, శనగపిండితో చేసే బందరు లడ్డూ ఏదీ మానక్కరలేదు, వేళ కలవకుండా చూస్తే చాలు. మాంసకృత్తులు బొత్తిగా మానిపించి మనిషిని ఎండగట్టడం తప్పు, బరువు తగ్గితే మెలికలు పెరుగుతాయి. ఇనుము బిళ్లలు లెవోడోపాను పీల్చుకోనివ్వవు, వాటికి వేరే వేళ పెట్టాలి. మలబద్ధకాన్ని పట్టించుకోవాలి. నెమ్మదిగా ఇచ్చే సి.ఆర్. బిళ్లలను నూరి ఇవ్వరాదు.

ఇక దూలగొండి. కాయమీది నూగు తగిలితే దురద పుట్టించే ఈ తీగను మన డొంకల్లో చూసే ఉంటారు. దీని గింజల్లో సహజంగా లెవోడోపా ఉంది. 1937లో, కృష్ణా జిల్లా ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో, మద్రాసులో దామోదరన్, రామస్వామి అనే శాస్త్రవేత్తలు దాన్ని గింజల నుంచి వేరుచేశారు. కాట్జియాస్‌కు 30 ఏళ్ల ముందు సంగతి ఇది. లండన్‌లో ఎనిమిది మందిపై, బొలీవియాలో 18 మందిపై జరిగిన చిన్న పరీక్షల్లో ఈ గింజల పొడి బాగానే పనిచేసింది. కనుక ఇది ఉత్త నమ్మకం కాదు. చిక్కు వేరేచోట ఉంది. ‘మూలిక కదా, హాని ఏముంది’ అని సిండోపా వేస్తూనే పైన చెంచాడు పొడి కలిపి తాగిస్తారు. ఆ చెంచాలో లెవోడోపా ఎంతో పొట్లానికీ పొట్లానికీ మారుతుంది. వైద్యుడు చీటీలో చూసేది ఒక మోతాదు, మెదడుకు చేరేది మరొకటి. మెలికలు పెరిగిన ఇంట్లో ‘ఇంకేమైనా పొడులు వాడుతున్నారా?’ అని నిదానంగా, తప్పుపట్టని గొంతుతో అడగండి. కసిరితే నిజం చెప్పరు.

మందు వల్లనే వచ్చే పార్కిన్సన్స్

కుందేళ్లను పడగొట్టిన రిసర్పిన్ గుర్తుంది కదా. అలాగే డోపమిన్‌కు అడ్డుపడే మందులు ఇప్పటికీ మన షాపుల్లో రోజూ అమ్ముడవుతున్నాయి, అవి వేరే జబ్బులకు ఇచ్చేవి. వాంతులకు మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్. కళ్లు తిరగడానికి సినారిజిన్, ఫ్లునారిజిన్. గ్యాస్, కడుపు ఉబ్బరానికి గ్యాస్ బిళ్లతో కలిపి వచ్చే లెవోసల్‌పిరైడ్. మానసిక జబ్బులకు హాలోపెరిడాల్ వంటివి. ఇవి నెలల తరబడి వాడిన పెద్దవారిలో నెమ్మది, బిగువు, వణుకు వచ్చి అచ్చం పార్కిన్సన్స్‌లాగే ఉంటుంది. కొందరికి నోరు నములుతున్నట్లు, నాలుక బయటికి వస్తున్నట్లు ఆగని కదలికలు వస్తాయి. మందు ఆపాక కూడా అవి మిగిలిపోవచ్చు. పార్కిన్సన్స్ ఇదివరకే ఉన్నవారికి ఈ మందులు పడితే జబ్బు ఒక్కసారిగా ముదిరినట్లవుతుంది.

లెవోసల్‌పిరైడ్ గురించి గట్టిగా చెప్పాలనిపిస్తుంది. అది గ్యాస్ బిళ్లలో ఉన్నట్లు వాడేవారికి తెలియదు. కొత్తగా వణుకు వచ్చిందన్న ప్రతి ఇంట్లోనూ గత ఆరు నెలల్లో వాడిన మందుల అట్టలన్నీ, ఆర్.ఎం.పి. ఇచ్చినవి, షాపులో అడిగి తెచ్చుకున్నవి సహా ఒక సంచిలో వేసి వైద్యుడి దగ్గరికి తీసుకువెళ్లమనండి. కారణమైన మందు ఆపితే చాలామందిలో కొన్ని వారాలు, నెలల్లో ఈ లక్షణాలు తగ్గిపోతాయి. మానసిక జబ్బు మందులను మాత్రం సొంతంగా ఆపించరాదు.

తుఫాను వేళ, ఆసుపత్రి వేళ

మెలికలు ఎంత ఇబ్బందిపెట్టినా లెవోడోపాను ఒక్కసారిగా ఆపకూడదు. హఠాత్తుగా ఆగితే తీవ్రమైన జ్వరం, కొయ్యబారినట్లు బిగుసుకుపోవడం, తెలివి తప్పడం జరిగి ప్రాణం మీదికి రావచ్చు. అది అత్యవసర స్థితి.

సముద్రం పక్కన ఉన్న మనకు ఇది ఉత్త సిద్ధాంతం కాదు. 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమ ఎన్ని రోజులు దారి లేకుండా ఉందో పెద్దలు చెబుతారు. 2023 డిసెంబరులో మిచౌంగ్ వచ్చినప్పుడూ దారులు మూసుకుపోయిన పల్లెలు ఉన్నాయి. నాగాయలంక అవతల ఎదురుమొండి వంటి దీవుల వారికి మామూలు రోజుల్లోనే పంటు ఎక్కనిదే మందుల షాపు లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కనీసం పదిహేను రోజుల బిళ్లలు తడవని డబ్బాలో ఎక్కువగా ఉంచమని చెప్పండి. మీ జాబితాలో చక్కెర, రక్తపోటు రోగుల పక్కన ఈ రోగుల పేర్లూ ఉండాలి. తుఫాను హెచ్చరిక రాగానే పునరావాస కేంద్రానికి వెళ్లే సంచిలో బిళ్లలు, వేళలు రాసిన చీటీ ఉండేలా చూడండి. లెవోడోపా, కార్బిడోపా జంట బిళ్ల 2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడిగేటప్పుడు ఆ మాట చెప్పవచ్చు.

ఆసుపత్రిలో చేర్చినప్పుడు మరో ఇబ్బంది. మిగతా మందులతో పాటు ‘ఉదయం, మధ్యాహ్నం, రాత్రి’ అని ఇస్తారు. ఈ రోగికి పదకొండంటే పదకొండే. మచిలీపట్నం ప్రభుత్వ ఆసుపత్రికి 2023 నుంచి వైద్య కళాశాల తోడైంది కనుక అక్కడ నేర్చుకొనే విద్యార్థులకు కూడా మీరు తెచ్చిన డైరీ చూపించండి. శుక్లం ఆపరేషనో, విరిగిన తుంటికి ఆపరేషనో అయితే, పరగడుపున ఉండమన్న రోజు ఈ బిళ్ల సంగతి ఏమిటని మత్తు డాక్టరును ముందే అడగాలి. వాంతికి సూదిమందు ఇవ్వబోతే పార్కిన్సన్స్ ఉందని చెప్పి మెటోక్లోప్రమైడ్ వద్దనమని గుర్తుచేయాలి. దానికి బదులు, గుండె పరిస్థితి చూసుకొని, డాంపెరిడోన్ వంటివి ఇవ్వగలుగుతారు.

అభ్యాసం

1. ఒక వృద్ధురాలికి బిళ్ల వేసిన గంటకు మెడ, భుజాలు ఊగుతున్నాయి, ఆ సమయంలో ఆమె ముగ్గు వేయగలుగుతోంది. ఇది ఏ రకం కదలిక? ఏ ప్రశ్న ఆమెనే అడగాలి?

2. తెల్లవారుజామున పాదం ముడుచుకుపోయే నొప్పికి, పిక్క పట్టేయడానికి తేడా కనిపెట్టడానికి ఏ వేళలు రాయిస్తారు?

3. మీ ఊళ్లో లేదా వీధిలో పార్కిన్సన్స్ మందు వాడుతున్న ఒకరిని, వారి అనుమతితో, మూడు రోజులు గమనించి అరగంటల డైరీ నింపండి. పేరు రాయకండి. బిళ్లల వేళలు, భోజనం వేళలు, ఇతర మందుల అట్టలమీది పేర్లు చేర్చి అధ్యయన కేంద్రంలో సంప్రదింపు తరగతికి తీసుకురండి.